మీటరు సొరుగులో పడేసి రెండు నెలలైంది

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. షుగరు వచ్చి పదకొండేళ్ళయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. మొదట్లో చాలా శ్రద్ధగా ఉండేవాణ్ణి, పుస్తకం పెట్టి ప్రతి రీడింగూ రాసేవాణ్ణి. ఇప్పుడు మీటరు సొరుగులో పడేసి రెండు నెలలు దాటింది. చివరిసారి హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) 9.2 వచ్చింది. ఇన్సులిన్ మొదలుపెడదామన్నారు డాక్టరుగారు. ఆ తర్వాత నేను అటు వెళ్ళలేదు. పొద్దున్నే మా ఆవిడ ‘ఎంతొచ్చింది?’ అని అడుగుతుంది. చూసుకోకుండానే ఏదో అంకె చెప్పేస్తున్నాను. ఏడాది కిందట ఆఫీసులో మీటింగు మధ్యలో షుగరు పడిపోయింది. ఒళ్ళంతా చెమటలు, మాట తడబాటు. అందరి ముందూ తల తీసేసినట్టయింది. అప్పట్నుంచి మీటింగున్న రోజు కావాలనే తీపి తిని వెళ్తున్నాను, ఒక్కోసారి మాత్ర కూడా మానేస్తున్నాను. తప్పని తెలుసు. నేను బద్ధకస్తుణ్ణా, నాకు డిప్రెషనా? ఇదంతా ఎవరితో చెప్పుకోవాలి?

జవాబు: బద్ధకస్తుడు ఏళ్ళ తరబడి పుస్తకంలో రీడింగులు రాయడండీ. ఆ మాట పక్కన పెట్టేయండి.

మీ ఉత్తరంలో మూడు సంగతులు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. షుగరుతో విసిగిపోవడం ఒకటి, మళ్ళీ పడిపోతుందేమోనన్న భయం ఒకటి, ఇంట్లోనూ డాక్టరు దగ్గరా ముఖం చెల్లకపోవడం ఇంకొకటి. మూడింటికీ ఒకటే మందు లేదు. ‘మనసు గట్టి చేసుకోండి’ అన్న సలహా ఈ మూడింటిలో దేనికీ పనిచేయదు.

ముందు విసుగు సంగతి. దీన్ని వైద్యులు డయాబెటిస్ డిస్ట్రెస్ అంటారు. 1995లోనే విలియం పోలోన్‌స్కీ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు దీన్ని కొలవడానికి ఇరవై ప్రశ్నల పట్టిక తయారుచేశారు. పెయిడ్ అంటారు దాన్ని. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 దాకా మార్కులు వేసి, మొత్తాన్ని 1.25తో గుణిస్తే నూటికి లెక్క వస్తుంది. 40, ఆపైన వస్తే భారం ఎక్కువగా ఉందని అర్థం. ఇది మానసిక జబ్బు కాదు. సెలవన్నది లేని పని, ఒళ్ళు వంచి చేసినా ఒక్కోరోజు ఫలితం చూపించని పని, ఏళ్ళ తరబడి చేసిన మనిషికి వచ్చే అలసట ఇది. ఇప్పటికిప్పుడు చూసుకోవాలంటే రెండు ప్రశ్నలు చాలు. ఈ నెల రోజుల్లో, షుగరుతో బతకడం తలకు మించిన పనిగా అనిపించిందా? చెయ్యాల్సినవి చెయ్యలేకపోతున్నానని తరచూ అనిపించిందా? అసలు బాధే లేకపోతే 1, చాలా తీవ్రంగా ఉంటే 6. రెండింటి సగటు 3 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే డాక్టరుతో తప్పక మాట్లాడాలి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీది 3 దాటేట్టే ఉంది.

మరి డిప్రెషనా? మిమ్మల్ని మీరు ఇలా అడిగి చూడండి: రేపు తెల్లారేసరికి షుగరు జబ్బు మాయమైపోతే మీ ప్రాణం హాయిగా ఉంటుందా? ‘అబ్బ, అంతకంటేనా’ అనిపిస్తే బరువు చాలావరకు షుగరుదే. షుగరు పోయినా ఏమీ బాగుండదు, ఇష్టమైన పని మీదా మనుషుల మీదా ఆసక్తి చచ్చిపోయింది, రెండు వారాలుగా దాదాపు ప్రతిరోజూ ఇదే తంతు అంటే డిప్రెషన్ వైపు చూడాలి. షుగరున్నవారిలో డిప్రెషన్ మిగతావారికంటే సుమారు రెట్టింపు కనిపిస్తుంది, రెండూ కలిసీ ఉండొచ్చు. దీనికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పరీక్ష ఉంది. 27కి 10, ఆపైన వస్తే వైద్యుడు వివరంగా చూడాలి. అయితే ఇందులో ఒక చిక్కుంది. నీరసం, నిద్ర చెడిపోవడం, ఆకలి మారడం ఆ ప్రశ్నల్లో ఉన్నాయి. షుగరు ఎక్కువున్నా అవే వస్తాయి. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచేవాడికి పగలు ఉత్సాహం ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని ఆసక్తి పోవడం, దిగులు అనే మొదటి రెండు జవాబుల మీద ఎక్కువ దృష్టి పెట్టండి. చివరి ప్రశ్న చచ్చిపోవాలనిపించడం గురించి. దానికి జవాబు ‘అవును’ అయితే అపాయింట్‌మెంటు కోసం ఆగొద్దు. ఈ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి, అత్యవసర వైద్యానికి వెళ్ళండి. ఇన్సులిన్, మాత్రలు కూడా కొన్నాళ్ళు వేరేవాళ్ళ చేతిలో ఉంచాలి.

మనసుకు పేరు పెట్టేముందు ఒంటికి రెండు పరీక్షలు చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గుతుంది. నీరసం, కాళ్ళలో తిమ్మిర్లు, మతిమరుపు, దిగులు దాని లక్షణాలే. థైరాయిడ్ తగ్గినా అంతే. రక్తపరీక్షలో తేలిపోయేదాన్ని మనసు బలహీనత అనుకుంటూ ఏడాది గడిపేవాళ్ళు తక్కువేమీ లేరు.

ఇక మీటింగు సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు సరిచెయ్యాల్సింది ఇదే. తీపి తిని వెళ్ళడం, మాత్ర మానడం మీ మట్టుకు మీకు తప్పులా కనిపిస్తున్నాయి. నిజానికి అది భయపడ్డ మనిషి తనను కాపాడుకునే పద్ధతి. కాకపోతే దాని లెక్క ఎలా తిరగబడుతుందో చూడండి. గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. రక్తంలో గ్లూకోజు తక్కువున్నా దాని పని అది చేస్తూనే ఉంటుంది. మాత్ర వేసుకుని భోజనం ఆలస్యమైతే పడిపోవడానికి కారణం అదే. మీరు భయపడి మాత్రలు మానేశారు, హెచ్‌బీఏ1సీ 9.2 వచ్చింది. మానేసిన సంగతి డాక్టరుకు తెలియదు, మందు చాలట్లేదనుకుని డోసు పెంచుతారు, లేదా ఇన్సులిన్ చేరుస్తారు. ఒకరోజు మీరు బుద్ధిగా అన్నీ వేసుకుంటారు. ఆ రోజు మీరు దేనికి భయపడుతున్నారో సరిగ్గా అదే జరుగుతుంది.

కాబట్టి డాక్టరు దగ్గర మొదటి మాట ఇలా ఉండాలి, అంకెలు మాత్రం మీవి వేసుకోండి: ‘వారానికి పద్నాలుగు డోసుల్లో నాలుగైదు మానేస్తున్నాను, ఆఫీసులో షుగరు పడిపోయినప్పట్నుంచి భయం.’ సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, వారికి కావలసిన సమాచారమే అది. గ్లిమెపిరైడ్ తగ్గించవచ్చా, దాని బదులు షుగరు పడిపోయే ముప్పు తక్కువున్న మందు ఇవ్వవచ్చా అని అడగండి. సిటాగ్లిప్టిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఆ రకం. గుండె, కిడ్నీల పరిస్థితిని బట్టి ఏది నప్పుతుందో వారు చెబుతారు. భోజనం వేళకు కుదరని రోజు గ్లిమెపిరైడ్ మాత్ర ఏం చెయ్యాలో కూడా ముందే అడిగి, చీటీ మీద రాయించుకోండి.

పడిపోయినప్పుడు ఏం చెయ్యాలో చేతికి అలవాటైతే సగం భయం పోతుంది. 70 కంటే తక్కువ వస్తే 15 గ్రాముల గ్లూకోజు తీసుకోవాలి. అంటే నాలుగు గ్రాముల గ్లూకోజు బిళ్ళలు నాలుగు, లేదా నాలుగు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో, లేదా సుమారు 150 మిల్లీలీటర్ల పండ్లరసం. పావుగంట ఆగి మళ్ళీ చూడాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ అంతే. తేరుకున్నాక భోజనానికి గంట పైన ఉంటే కొంచెం ఏదైనా తినాలి. చాక్లెట్టు ఈ పనికి పనికిరాదు, అందులోని కొవ్వు గ్లూకోజును నెమ్మదిగా ఎక్కనిస్తుంది. ఆకార్బోజ్, వోగ్లిబోజ్ వాడేవాళ్ళు పంచదార కాదు, గ్లూకోజే తీసుకోవాలి, ఆ మందులు పంచదారను త్వరగా అరగనివ్వవు. బిళ్ళలు బ్యాగులో కాదు, చొక్కా జేబులో ఉండాలి. చేతులు వణుకుతున్నప్పుడు మూడు జిప్పులు తీయలేరు. మీటింగుకు అరగంట ముందు ఒకసారి చూసుకోండి. 100 పైన ఉంటే చాలు, తీపి తినక్కర్లేదు. పక్క సీటు మనిషికి ఒక్కరికి చెప్పి పెట్టండి: ‘నేను తికమకగా మాట్లాడితే జేబులో బిళ్ళలున్నాయి, ఇవ్వు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పెట్టకు, అంబులెన్సుకు చెయ్యి.’

ఇంకొక సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. నెలల తరబడి షుగరు ఎక్కువలో ఉంటే శరీరం దానికే అలవాటు పడుతుంది. హెచ్‌బీఏ1సీ 9.2 అంటే సగటున 217 దగ్గర ఉన్నట్టు. అక్కణ్ణుంచి 100కి దిగినా వణుకు, చెమట వస్తాయి. మీటరు మాత్రం 100 అంటుంది. అది ప్రమాదం కాదు. కూర్చుని పావుగంటకు మళ్ళీ చూసుకోండి, కిందికి జారకపోతే తీపి అక్కర్లేదు. షుగరు నెమ్మదిగా తగ్గించుకుంటూ వస్తే కొన్ని వారాల్లో ఈ తంటా తగ్గుతుంది. భయంతో గుండె దడదడలాడినా లక్షణాలు ఇవే. లోపల జరిగేది షుగరు పడిపోవడమా, భయమా అని ఊహించకండి, మీటరే చెప్పాలి. మీటరు చేతిలో లేకపోతే పడిపోయిందనే అనుకుని గ్లూకోజు తీసుకోండి.

అంటే మీటరు సొరుగులోంచి బయటికి రావాలి. అయితే పాత పద్ధతిలో వద్దు. పుస్తకం నిండా అంకెలు రాసి, ఆ అంకెతో ఏం చెయ్యాలో తెలియకపోతే మిగిలేది తిట్టే. 240 చూసి బాధపడి పుస్తకం మూశారంటే ఆ చుక్క రక్తం వృథా. వారానికి మూడు రోజులు, రోజుకు ఒకే భోజనం ఎంచుకోండి. తినేముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఒకసారి. తేడా 40, 50 ఉంటే ఆ భోజనం మీకు పడింది. 100 ఉంటే అదే భోజనంలో పిండి పదార్థం పావు వంతు తగ్గించో, తిన్నాక పదిహేను నిమిషాలు నడిచో మర్నాడు మళ్ళీ చూడండి. అంకె అప్పుడు తీర్పులా కాక ప్రశ్నకు జవాబులా కనిపిస్తుంది. ఏ ప్రశ్నా లేకపోతే ఆ రోజు చూసుకోవద్దు. పడిపోయినట్టు అనిపించినప్పుడు, మీటింగుకు ముందు, బండి నడపబోయేముందు మాత్రం దీనికి మినహాయింపు.

అంకెను మరీ అంతగా నమ్మనూ వద్దు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100, ఆపైన మీటరు 15 శాతం అటూ ఇటూ చూపించవచ్చు, వంద రీడింగుల్లో తొంభై అయిదు ఆ హద్దులో ఉంటే చాలు. నిజం 180 అయితే 153 అయినా చూపించవచ్చు, 207 అయినా చూపించవచ్చు. నిన్న 168, ఇవాళ 186 అంటే ఏమీ మారలేదని కూడా కావచ్చు. పండు ఒలిచిన వేలితో చూసుకుంటే ఇంకా దారుణంగా పెరుగుతుంది. చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని గుచ్చుకోండి. పొద్దుటి రీడింగయితే మరీ మోసం. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోను పెరిగి, కాలేయం గ్లూకోజును వదులుతుంది. రాత్రి మితంగా తిన్నవాడికి కూడా ఉదయం 170 ఉండొచ్చు. మీ ఆవిడ అడిగేది సరిగ్గా ఆ అంకెనే. రాత్రి ఏం తిన్నారోనని ఇద్దరూ అనుమానంగా చూసుకునేది ఆ అంకె వల్లే.

ఇక్కణ్ణుంచి కొంచెం భాగం ఆమెకు చదివి వినిపించండి.

అమ్మా, మీరు అడిగేది ప్రేమతోనే. కానీ ‘ఎంతొచ్చింది?’ అన్న ప్రశ్నకు మంచి జవాబు ఒకటే, చెడ్డ జవాబులు వంద. చెడ్డ జవాబు చెప్పిన ప్రతిసారీ ముఖం మాడితే, మనిషి చివరికి అంకెలు కల్పించడం మొదలుపెడతాడు. ఆయన చేస్తున్నది అదే. డబ్బాలు దాచడం, ప్లేటులోకి తొంగి చూడటం, ‘ఇది తినొచ్చా?’ అని నలుగురిలో అడగడం, ఇవన్నీ ఆయన్ని దొంగతనంగా తినేవైపే నెడతాయి. ఆ ప్రశ్న ఇవాళ్టినుంచి మానేయండి. వారానికి ఒకరోజు, ఒక వేళ, పావుగంట షుగరు ముచ్చటకు కేటాయించండి. ఆ పావుగంటలో ఆయన చెప్పాలనుకున్నది చెబుతారు, మీరు వింటారు. మిగతా ఆరు రోజులు ఆ మాటే వద్దు.

ఆ మొదటి పావుగంటలోనే ఒక కాగితం మీద ఇద్దరూ కలిసి రాసుకోండి: ఆయనకు ఏ పనిలో సాయం కావాలి, ఏ పనిలో వద్దు. స్ట్రిప్పులు అయిపోకుండా చూడటం, డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోవడం, భోజనం తర్వాత వెంట నడవడం, ఇలాంటివి మీరు పంచుకుంటే బరువు నిజంగా తగ్గుతుంది. గుర్తుచెయ్యడం మాత్రం బరువు పంచుకోవడం కాదు, రెండో బరువు. కాగితం మీద ఉన్నా లేకపోయినా మీరు కలగజేసుకోవాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి: షుగరు పడిపోయి తికమకగా ఉన్నప్పుడు, వాంతులు ఆగనప్పుడు, వరుసగా రెండుసార్లు 300 దాటినప్పుడు. అప్పుడు ఆయన కోప్పడినా సరే. ఒక చిన్న జాగ్రత్త కూడా: షుగరు పడిపోతే చిరాకు వస్తుంది నిజమే, కానీ ఆయన కోప్పడ్డ ప్రతిసారీ ‘షుగరు చూసుకోండి’ అనకండి. సగం కోపాలకు కారణం మామూలు సంసారమే. మాట తడబాటు, చెమట తోడైతే అప్పుడు అడగండి.

మళ్ళీ మీ దగ్గరికి. ఇన్సులిన్ అన్నారని డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేశారు. ‘ఇలాగే ఉంటే ఇన్సులిన్‌ పెట్టాల్సి వస్తుంది’ అని ఏళ్ళ తరబడి బెదిరింపుగా వింటే, పెట్టిన రోజున శిక్షలాగే అనిపిస్తుంది. అది శిక్ష కాదు. టైప్ 2లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతూ వస్తాయి. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనంలో, జబ్బు బయటపడేనాటికే వాటి సామర్థ్యం సగానికి పడిపోయి ఉందని లెక్కగట్టారు. పదకొండేళ్ళ తర్వాత మాత్రలు చాలకపోవడం మీ చేతగానితనం కాదు. పైగా ఈసారి లెక్క సరిగ్గా తేల్చాలి: మాత్రలు నిజంగా చాలట్లేదా, మీరు మానేయడం వల్ల చాలట్లేదా? డోసులు మానేసిన మాట చెప్పమన్నది అందుకే. వారానికోసారి వేసుకునే జీఎల్‌పీ-1 ఇంజెక్షన్లు మీకు నప్పుతాయా అని కూడా అడగండి, చాలామందిలో ఇన్సులిన్ కంటే ముందు వాటిని చూస్తారు. ఇన్సులిన్ అవసరమే అయితే సాధారణంగా రోజుకు ఒకసారి, పది యూనిట్లతో మొదలవుతుంది, సూది పొడవు నాలుగు మిల్లీమీటర్లు. మొదటి సూది అక్కడే, నర్సు పక్కనుండగా మీ చేత్తో మీరే వేసుకోండి. గుచ్చుకోవడం కంటే దాని గురించి నెలల తరబడి ఆలోచించడమే ఎక్కువ బాధ. ‘దీనితోపాటు గ్లిమెపిరైడ్ కొనసాగించాలా?’ అని అడగకుండా మాత్రం గదిలోంచి బయటికి రావద్దు.

ఆ రోజు డాక్టరు దగ్గరికి మూడు సంగతులు రాసిన కాగితం పట్టుకెళ్ళండి: మానేసిన డోసులు, ఆఫీసు భయం, పైన విసుగు గురించి అడిగిన రెండు ప్రశ్నలకు మీ మార్కులు. మాట్లాడేటప్పుడు తడబడితే కాగితం చేతికిచ్చేయండి. లక్ష్యం కూడా మెల్లగా పెట్టమనండి. 9.2 నుంచి 7కు ఒక్కసారిగా అంటే మళ్ళీ ఓడినట్టే అనిపిస్తుంది. అదే యూకేపీడీఎస్ సమాచారంలో హెచ్‌బీఏ1సీ ఒక్క శాతం తగ్గినా కళ్ళు, కిడ్నీల్లోని చిన్న రక్తనాళాల సమస్యలు 37 శాతం తక్కువగా కనిపించాయి. 8.2 కూడా మంచి అంకే. విన్నవెంటనే ‘మీకు శ్రద్ధ లేదు’ అనే డాక్టరయితే, మరొకరిని వెతుక్కోవడానికి మొహమాటపడకండి.

కొన్నాళ్ళు దేన్నీ పట్టించుకోకుండా ఉండాలనిపిస్తే అదీ డాక్టరుకు చెప్పే చెయ్యండి. రెండు వారాలు తిండి లెక్కలు, బరువు చూసుకోవడం, అంకెలు రాయడం ఆపొచ్చు. మందులు ఆపకూడదు. దాహం, మూత్రం బాగా పెరిగినా, వాంతులైనా ఆ సెలవు అక్కడితో సరి. టైప్ 1 ఉన్నవారు ఇది చదువుతుంటే గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటి: మీకు ఇన్సులిన్‌కు సెలవు లేదు, ఒక్కరోజు మానేసినా కీటోఅసిడోసిస్‌ (రక్తంలో ఆమ్లం పెరిగిపోవడం) వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు.

‘ఎవరితో చెప్పుకోవాలి’ అన్నారు. ఆవిడతో, డాక్టరుతో కాక, షుగరున్న ఇంకో మనిషి ఒక్కరు దొరికితే మేలు. ‘నిన్న నేనూ చూసుకోలేదు’ అన్న మాట వాళ్ళ నోటి నుంచి వస్తేనే పనిచేస్తుంది. బృందంలో చేరదలిస్తే ఒకటి గమనించండి: ఎవరైనా ‘ఈ నెల నా షుగరు బాగా లేదు’ అంటే మిగతావాళ్ళు వింటున్నారా, పదిమందీ పది చిట్కాలతో మీద పడుతున్నారా? మందులు మాన్పించే మాట, షుగరు పూర్తిగా పోగొడతామనే మాట వినిపిస్తే ఆ రోజే బయటికి రండి. ఇవన్నీ చేసినా ఆరు వారాల్లో ఆ రెండు ప్రశ్నల మార్కు దిగకపోతే సైకాలజిస్టును కలవండి, ఆలోచనల తీరు మార్చే సీబీటీ అనే మాటల చికిత్స దీనికి ఉపయోగపడవచ్చు. డిప్రెషన్‌కు మందులు రాస్తే మీరు షుగరుకు ఏమేం వాడుతున్నారో ఆ డాక్టరుకు చూపించండి. డిప్రెషన్ మందుల్లో కొన్ని బరువును, షుగరును మారుస్తాయి కాబట్టి మొదటి నెల మీటరు కొంచెం ఎక్కువగా వాడాలి.

హెచ్‌బీఏ1సీ మాత్రం తొందరపడి చేయించుకోవద్దు. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులుంటాయి కాబట్టి మందు మారిన మూడు నెలలకు చేయిస్తేనే దానికి అర్థం. నెలకే చూస్తే పాత రోజుల షుగరు కూడా అందులో కలిసి ఉంటుంది, చేసిన పని కనపడదు, మీటరు మళ్ళీ సొరుగులోకి పోతుంది.